చెక్‌పోస్టులో బొటనవేలు

లాక్‌డౌన్‌లో ఆపరేషన్ థియేటర్లు మూతపడొచ్చు గానీ సర్జరీ శిక్షణ ఒక్క గంట కూడా ఆగదని నోడల్ అధికారి అమరేశ్వరరావుగారు నరసరావుపేట శివారు చెక్‌పోస్టులో ప్రకటించారు. వినడానికి ముగ్గురు విలేకరులు, ప్లాస్టిక్ సర్జరీ చదువుతున్న డాక్టర్ కీర్తి ఉన్నారు. తెగిన నరాలు కుట్టడం నేర్చుకోవాల్సిన కీర్తి నెలరోజులుగా లారీ డ్రైవర్ల నుదుటికి థర్మామీటర్ గురిపెడుతోంది. దానివల్ల చేతికి నిలకడ వస్తుందని అధికారిగారు ఆమె శిక్షణ లాగ్‌బుక్కులో రోజూ సంతకం చేస్తున్నారు. ఇంత దూరదృష్టి గల మనిషి దొరకడం ఆమె అదృష్టమని విలేకరులు రాసుకున్నారు. ఆమెకు మాత్రం ఒళ్లు మండింది.

పది గంటలకు మాచర్ల నుంచి ట్రాలీ ఆటో వచ్చింది. అందులో ఉన్న మెకానిక్ మన్సూర్ గడ్డి కోసే మిషన్ బాగుచేస్తుంటే కుడి బొటనవేలు తెగిపడింది. భార్య రజియా దాన్ని తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐస్ డబ్బాలో పెట్టి తెచ్చింది. కీర్తి చూసింది. అతికించవచ్చు. వెంటనే గుంటూరులో ఉన్న తన ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది.

"పన్నెండింటిలోపు తీసుకురా అమ్మా. తర్వాత థియేటర్ కరోనా వార్డుకి అప్పగించాలి. ఈ వేలు నువ్వే కుడుదువుగాని," అన్నారాయన.

"పాస్ ఉందా?" అన్నారు అమరేశ్వరరావుగారు.

"వేలు తెగి వచ్చాం సారూ, పాసేంది?" అంది రజియా.

"అందుకేనమ్మా ఎమర్జెన్సీ పాస్ ఉంది. రెండు నిమిషాల పని." ఆయన ట్యాబ్ తెరిచి, వివరాలు కొట్టి, కళ్లజోడు సర్దుకున్నారు. "పేషెంట్ కుడి బొటనవేలు పెట్టాలంట."

రజియా తన కుడిచెయ్యి ముందుకు చాపింది.

"నా వేలు పెడతా," అంది రజియా.

"పేషెంటుదే కావాల. ఫ్రాడ్ జరక్కూడదు గదా."

"సార్, ఆ వేలు డబ్బాలో ఉంది," అంది కీర్తి.

"ఉంది గదా మరి," అన్నారాయన సంతోషంగా.

బయటికి తీస్తే పాడవుతుందని కీర్తి చెప్పింది, బతిమాలింది, చివరికి అరిచింది. గేటు దగ్గర కానిస్టేబుళ్లు కదల్లేదు. పదకొండయింది.

"తియ్యండి మేడమ్," అన్నాడు మన్సూర్. "ఆ చేత్తోనే స్పానర్ పట్టాల నేను. టైమ్ పోతంది."

కీర్తి తీసింది. ట్యాబ్‌కి తగిలించిన వేలిముద్రల మిషన్ ఒప్పుకోలేదు. వేలు చల్లగా ఉండటం వల్లనని అధికారిగారు ఇట్టే కనిపెట్టారు. ఆయన సలహా ప్రకారం దాన్ని జీపు బానెట్ మీద ఎండలో పెట్టారు. ఒక పేదవాడి పాస్ కోసం అంతటి ఎండలో ఆయన కూడా నిలబడ్డారు. అయిదోసారికి పచ్చలైటు వెలిగింది. విలేకరులు చప్పట్లు కొట్టారు.

పన్నెండు దాటి పది నిమిషాలైంది. ప్రొఫెసర్ ఫోన్ చేశారు. "థియేటర్ తాళాలు తీసుకెళ్లారమ్మా. ఇక తొందరపడొద్దు."

అమరేశ్వరరావుగారు లాగ్‌బుక్కులో "చేతి సర్జరీ, ఒక కేసు" అని రాసి సంతకం పెట్టారు. తర్వాత మన్సూర్ ముందు రిజిస్టరు తెరిచి, ఇంకు ప్యాడ్ జరిపారు.

"పాస్ ముట్టినట్టు ఇక్కడ ముద్రెయ్యి. ఎడమ బొటనవేలు. మగాళ్లకి ఎడమదే గదా రూలు."

కీర్తి తలెత్తింది. "మరి ఇందాక కుడిది ఎందుకు అడిగారు?"

"ముందు మాట్లాడింది ఆవిడ గదమ్మా. ఆడాళ్ల ఫారం తెరిచా."

మన్సూర్ ఎడమచేతిలో ఉన్న డబ్బా రజియాకిచ్చి, ఆ చేతి బొటనవేలు ప్యాడ్ మీద అద్ది రిజిస్టరులో నొక్కాడు. ముద్ర మొదటిసారికే పడింది.