ముట్టుకోకుంటే తెరుచుకునే తాళం

ఆ ఉదయం యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. హోటలాయన వస్తాడు, కొత్త నంబరు తాళం చూస్తాడు, రెండొందల తలుపులకు ఆర్డరిచ్చి పన్నెండు గంటల బండికి వెళ్లిపోతాడు. ఆ ఆర్డరు రాకపోతే తాళాల ఫ్యాక్టరీ మూసేయాల్సిందే. యజమానికి బెంగేమీ లేదు. పట్టిందే పట్టు మనిషి కాబట్టి పనివాళ్లు ఆయన్ని చాటుగా ఉడుం అంటారు.

"సార్, నంబరు..." అని మేస్త్రి నోరు తెరిచాడు.

"తర్వాత!" అంటూ ఉడుం హోటలాయనతో సహా ఆ కొత్త తాళం బిగించిన గదిలోకి దూరి తలుపు మూశాడు. తాళం టక్కున పడింది. పరీక్షకని పొద్దున్నే నంబరు మార్చిన సంగతి మేస్త్రి నోట్లోనే ఉండిపోయింది.

తలుపు తీయడానికి ఉడుం లోపలి నుంచి పాత నంబరు నొక్కాడు. తెరుచుకోలేదు. గట్టిగా నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. తాళం ఎర్ర దీపం వెలిగించి అలిగి కూర్చుంది.

"ఏడు, నాలుగు, రెండు, తొమ్మిది!" అని బయట నుంచి మేస్త్రి అరిచాడు. "ఇప్పుడే కాదు సార్! మూడు తప్పులయ్యాయి. పది నిమిషాలు ముట్టుకోకండి. ముట్టుకుంటే మళ్లీ మొదట్నుంచి పది!"

ఆ ఏర్పాటు ఉడుం బుర్రలో పుట్టిందే. దొంగన్నవాడు పది నిమిషాలు చేతులు ముడుచుకుని ఉండలేడని ఆయన నమ్మకం. ఆయన మాత్రం రెండు నిమిషాలు ఉన్నాడు. "ఒక్కసారి చూస్తానండీ" అని నొక్కాడు. మళ్లీ మొదలు. అలా అయిదుసార్లయింది.

"ఏమండీ, ఆ చేతులు జేబుల్లో పెట్టుకోండి!" అని తలుపవతల నుంచి భార్య బతిమాలింది. ఆఫీసు చూసుకునేది ఆవిడే. నలభై మంది పనివాళ్ల పొట్టలు తలుచుకుంటే ఆవిడకు ఏడుపొచ్చింది.

"మధ్యలో వదిలేయడం మా ఇంటా వంటా లేదు!"

"పదకొండయింది. మీకు దణ్ణం పెడతాను, ఆ తాళాన్ని వదలండి" అన్నాడు హోటలాయన.

ఉడుం తాళాన్ని వదిలాడు గానీ ప్రయత్నం వదల్లేదు. కుర్చీ ఎక్కి గోడకున్న వెంటిలేటర్లో దూరాడు. తలా చేతులూ వరండాలోకి వచ్చాయి. పొట్ట రానంది. మేస్త్రి లాగాడు, భార్య లాగింది, చొక్కా గుండీలు టపటపా రాలాయి.

"ఇంకా గట్టిగా!" అని ఉడుం కేకలేశాడు.

గదిలో మాత్రం హాయిగా ఉంది. హోటలాయన సోఫాలో కూర్చుని తీరిగ్గా పది నిమిషాలు లెక్కపెట్టి, లేచి మేస్త్రి అరిచి చెప్పిన నంబరు నొక్కాడు. తలుపు తెరుచుకుంది.

"అమ్మా, తాళం బంగారం! రెండొందలూ తీసుకుంటాను. బిగించడానికి మాత్రం మేస్త్రిని పంపండి, చాలు."

ఆవిడ సంతోషం పట్టలేక అక్కడే కళ్లు తుడుచుకుంది.

"చూశారా, పట్టుదలంటే ఇదీ!" అని పైనుంచి వినిపించింది.

యజమాని ఇంకా వెంటిలేటర్లోనే ఉన్నందువల్ల ఆర్డరు కాగితం మీద ఆవిడే సంతకం పెట్టింది.