కూర్చుని పరిగెత్తే విద్య

పిల్లల్ని అరుగు మీంచి కదలనివ్వకుండా పరుగు నేర్పవచ్చునని లోకానికి చాటినవారు రాజాం దగ్గర అగ్రహారంలోని భావనారాయణ పంతులుగారు. ఈ సంగతి ఇంకా తెలియనివారుంటే అది వారి దురదృష్టం.

పంతులుగారి వంశంలో నాలుగు తరాలుగా ఎవరూ బడి గడప తొక్కలేదు. చదువంతా వీధరుగు మీదే. తండ్రి చెప్పాలి, పిల్లలు వల్లె వేయాలి. నోటికి వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. ఆయన సంతానం త్రిపురసుందరి, లక్ష్మీనరసింహం, చినబాబు ఈ పద్ధతిలోనే ఎదిగి, ఎక్కాలూ విభక్తులూ గడగడా అప్పజెప్పి, వీధిలోకి నాలుగడుగులు వేస్తే చాలు ఆయాసపడేవారు. దాన్ని పంతులుగారు పాండిత్య లక్షణంగా భావించి గర్వపడేవారు.

ఎన్నికలైన ఏడాది దసరాకి, స్కూళ్ల ఇన్‌స్పెక్టరైన ఆయన బావమరిది జగన్నాధం విజయనగరం నుంచి వచ్చాడు. మావయ్య బండి దిగాడని ఎదురు వెళ్లిన పిల్లలు ముగ్గురూ సగం దారిలో చతికిలబడ్డారు.

"ఏవిటి బావా ఇదీ! వీళ్లకి నోరొచ్చింది గానీ కాళ్లు రాలేదు. రథసప్తమికి మళ్లీ వస్తాను. వీధి చివరిదాకా పరిగెత్తి చూపించాలి. లేదంటే ముగ్గుర్నీ నాతో పట్టుకుపోయి బళ్లో వేసేస్తాను" అన్నాడు జగన్నాధం.

పంతులుగారికి ఆ పూట అన్నం సయించలేదు. నాలుగు తరాల అరుగు తన హయాంలో ఖాళీ అయిపోతుందన్న తలపుకే ఆయన గుండె చెరువైపోయింది.

"కాసేపు పిల్లల్ని వీధిలోకి వదిలెయ్యకూడదుటండీ?" అంది ఆయన భార్య అలివేలుమంగ.

"వదిలేస్తే అది ఆటవుతుంది. వ్యాయామం ఎలా అవుతుందే?" అన్నారాయన.

ఆయన వెంటనే కలం పట్టి 'గృహ వ్యాయామ శతకం' రచించారు. నడకకు ఒక ప్రకరణం, గెంతుకు ఒకటి, పరుగుకు ఒకటి, చెడుగుడుకు ఏకంగా రెండు. మర్నాటి నుంచి పిల్లలు బాసింపట్టు వేసుకుని, చెడుగుడులో కూత పట్టవలసిన తీరునూ, ఎదుటివాడు పట్టుకున్నప్పుడు విదిలించుకోవలసిన విధానాన్నీ ఛందోబద్ధంగా వల్లించసాగారు. ఆయాసం పూర్తిగా తగ్గింది. కదిలితే గదా ఆయాసం!

పద్యాలతో తృప్తి పడే మనిషి కారు పంతులుగారు. ప్రయోగం కూడా ఉండాలన్నారు. అంచేత రోజూ పొద్దున్నే మానసిక పరుగు. పిల్లలు కళ్లు మూసుకుని, మనసులో రాజాం దాకా పరిగెత్తి తిరిగి రావాలి. ఒకనాడు చినబాబు దారిలో చెరుకు తోట దగ్గర ఆగిపోయానని నిజం ఒప్పుకున్నాడు. పంతులుగారు ఉగ్రులై గుంజీళ్లు తీయమన్నారు. అయితే అవీ మనసులోనే.

పక్కింటి రైతు దాలయ్య గోడ మీంచి ఇదంతా చూసి కంగారు పడ్డాడు.

"ఏటి బాబూ, పిల్లలలా కదలకుండా కూకున్నారు? జొరమేటి?"

"జ్వరమేమిటయ్యా! రాజాం దాకా పరిగెడుతున్నారు."

"అలాగేటి? అయితే వొచ్చీటప్పుడు నాకు రెండు పొగాకు కాడలట్టుకు రమ్మని సెప్పండి బాబూ."

మధ్యాహ్నం భోంచేశాక పంతులుగారు పడకకుర్చీలో నిద్రపోయేవారు. ఆ వేళకు అలివేలుమంగ పెరట్లో మంచాల మీద గుమ్మడి వడియాలు ఎండబెట్టేది. చింతతోపు నుంచి కోతుల మంద దిగేది. పిల్లలు కర్రలు పుచ్చుకుని గోడలెక్కి, గట్లు దూకి, ఆ మందను తోపు దాకా తరిమి వచ్చేవారు. మొదట్లో రొప్పేవారు. తరవాత తరవాత కోతులే రొప్పడం మొదలెట్టాయి. దీన్ని వ్యాయామమని ఎవరూ అనుకోలేదు. అలివేలుమంగ కూడా అనుకోలేదు. ఆవిడకు కావలసింది వడియాలు.

రథసప్తమి వచ్చింది, జగన్నాధమూ వచ్చాడు. పిల్లలు అరుగు మీద వరసగా కూర్చుని శతకమంతా తడుముకోకుండా అప్పజెప్పారు.

"బావుంది. లేచి పరిగెత్తండి" అన్నాడు మావయ్య.

పిల్లలు తండ్రి మొహం చూశారు. లేవడం గురించి శతకంలో పద్యం లేదు. పంతులుగారికి చెమటలు పట్టాయి. జగన్నాధం పిల్లల బట్టలు సర్దమని చెల్లెలికి కేకేశాడు. పెరట్లోంచి బదులుగా ఇంకో కేక వచ్చింది.

"ఓరి నాయనోయ్, కోతులు! వడియాలర్రా!"

మరుక్షణం అరుగు మీద పిల్లలు లేరు. త్రిపురసుందరి పరికిణీ ఎగదోపి గోడ దూకేసింది. అన్నదమ్ములు వీధి చివరికి చేరి, చేలకడ్డంబడి, తోపు దాకా వెళ్లి, ఓ కోతి ఎత్తుకుపోయిన చాటను లాక్కుని వచ్చేశారు. ముగ్గురిలో ఒక్కరికీ ఆయాసం లేదు.

జగన్నాధం కళ్లు చెమ్మగిల్లాయి. "బావా! ఇదంతా నీ పద్యాల మహిమే!"

పంతులుగారు ఒక్క క్షణం తెల్లబోయారు. మరుక్షణం తమాయించుకుని, వినయంగా తల వంచారు. అలివేలుమంగ మిగిలిన వడియాలు తిరగేసింది.

ఇంతటి విద్య ఒక్క అరుగుకే పరిమితం కావడం దేశానికి నష్టమని జగన్నాధం పైవారికి విన్నవించాడు. శతకం బడులన్నిటికీ పాఠ్యగ్రంథమైంది. ఆవిష్కరణ సభలో పంచాయతీ సమితి అధ్యక్షులవారు, "మన బాలబాలికలు ఇకపై ఒక్క చెమట చుక్క రాలకుండా వజ్రకాయులు కాగలరు!" అని గంటసేపు గర్జించి, కుర్చీలోంచి లేవలేక ఇద్దరి సాయం తీసుకున్నారు. డ్రిల్లు పీరియడులో డ్రిల్లు మేష్టర్లు ప్రతిపదార్థాలు చెప్పసాగారు. ఆటస్థలాలు ఊరికే ఉండకూడదని వేరుశనగ ఆరబోశారు.

ఏడాది తిరగకుండానే పరీక్షలు వచ్చాయి. ఆ సాయంత్రం పంతులుగారు వీధిలో నడిచి వెళుతున్నారు. దాలయ్య కొడుకు సోములు ఇసకలో ఈడు పిల్లలతో చెడుగుడు ఆడుతున్నాడు. దాలయ్య గుమ్మంలోంచి ఊగిపోతూ అరుస్తున్నాడు. ఆ అరుపు చెవిన పడగానే పంతులుగారికి ఒళ్లు పులకరించి, జన్మ తరించినట్టనిపించింది.

"ఒరే సోములూ! రేపు వ్యాయామం పరీచ్చెట్టుకుని, ఇప్పుడీ గెంతులేట్రా? లోనికొచ్చి కూకుని సదువు!"