పెద్ద స్కోపు మహిమ

అవసరానికి మూడింతలు పెద్దదైన స్కోపును, అంటే గురిచూసే దుర్భిణిని, రైఫిల్ మీద బిగించుకున్నవాడికి ఈ లోకంలో ఏ లోటూ ఉండదు. ఈ మాట ఊరికే అనడం లేదు. కనుబొమ మీద ఇంకా చెరగని మచ్చతో అంటున్నాను.

ఈ పత్రికలో గోధుమల ధరలకూ చర్చి విందుల కబుర్లకూ మధ్య ఇన్నాళ్లుగా నా సొద భరిస్తున్న మీకు నేనెవరో తెలుసు. తెలియనివాళ్ల కోసం: ఎల్మర్ బ్రాటెన్, రిటైరైన బ్యాండు మాస్టారు, మోంటానాలో గాలి ఎప్పుడూ ఆగని డ్రై ఫోర్క్ రైఫిల్ క్లబ్బు సభ్యుడు. వెయ్యి గజాల దూరంలో వేలాడదీసిన ఇనుప పలకను కొట్టడం నా సరదా. పలకకు మాత్రం నా వల్ల ఎప్పుడూ పెద్దగా ఇబ్బంది కలగలేదు.

మా క్లబ్బులో ఏటా ఎండాకాలంలో జంటల పోటీ జరుగుతుంది. ఒకరు కాలుస్తారు. ఇంకొకరు పక్కన దుర్భిణిలోంచి చూస్తూ తూటా ఎక్కడ పడిందో చెబుతారు. నాకు చెప్పేది నా భార్య వెర్నా. చెప్పడంలో ఆమెను మించినవాళ్లు ఈ జిల్లాలో లేరు. వినే విషయంలోనే మా జంట కాస్త వెనకబడి ఉంది.

కిందటేడు ఆమె "ఎడమకి, ఎల్మర్, ఎడమకి!" అంటుంటే నేను గాలిని నా అంతట నేనే అంచనా వేసి శుభ్రంగా కుడికి కాల్చాను. ఇంటికి వచ్చే దారి పొడవునా పికప్‌లో రేడియో ఒక్కటే మాట్లాడింది. గేటు దగ్గర వెర్నా నోరు విప్పింది.

"ఎల్మర్, వచ్చే ఏడు కూడా నా మాట చెవిన పెట్టకపోతే, ఆ పైన నేను మన క్లబ్బు లోయిస్‌తో జోడీ కడతా. నువ్వు మన కుక్కతో కట్టుకో. అదీ ఎవరి మాటా వినదు. ఇద్దరికీ బాగా కుదురుతుంది."

ఇలాంటి హెచ్చరిక విన్న మామూలు మనిషి ఏం చేస్తాడు? వినడం నేర్చుకుంటాడు. నేను మామూలు మనిషిని కాను. స్కోపు కొన్నాను.

ఈ రోజుల్లో స్కోపు ఎంచుకోవడం ఎంత గొప్ప విద్యో తెలుసా? చలికాలమంతా అదే పని! జూమ్ చేస్తే లోపల గురిచూసే గీతలు కూడా పెరిగేవి ఒక రకం, పెరగనివి ఇంకో రకం. ఈ రెండు రకాలవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగరు. గీతలు కూడిక గుర్తులా ఉండేవి కొన్ని, క్రిస్మస్ చెట్టులా కొమ్మలు వేసేవి కొన్ని. ఒక స్కోపులో అయితే గీతలు ఎన్ని ఉన్నాయంటే, వాటి వెనకాల పలక ఎక్కడుందో వెతకడానికి ఇంకో స్కోపు కావాలి! నేను ఇంటర్నెట్టులో ముక్కూమొహం తెలియని మనుషులతో లెన్సుల మీద పూతల గురించి పోట్లాడాను. మా పెళ్లికి ముందు వెర్నా గురించి ఇందులో పదోవంతు కూడా విచారించలేదు.

చివరికి జూమ్‌తో పాటు గీతలూ పెరిగే రకం, ఉన్నవాటిలోకల్లా పెద్దది తెచ్చాను. పొడవు చూసి పోస్టాఫీసు అమ్మాయి ట్రాంబోన్ బాకా అనుకుంది.

వంటింటి బల్ల మీద బిగించే పని మొదలుపెట్టాను. వెర్నా ఎదురుగా కూర్చుని, నేను కాఫీ కప్పు కింద పెట్టుకున్న సూచనల పుస్తకాన్ని లాక్కుని చదవసాగింది.

"ఇదిగో, ఇక్కడ రాశాడు. చాలా దూరం కాల్చాలంటే స్కోపు కింద పట్టీ ముందుకి కాస్త వాలి ఉండాలట. లేకపోతే ఎత్తు సర్దే చక్రం మధ్యలోనే ఆగిపోతుందట. మన పట్టీ బల్లలా చదునుగా ఉంది."

"వెర్నా, ఇది జర్మనీ గాజు!"

"గాజు సంగతి కాదు నేనడిగేది. కింద పట్టీ సంగతి."

"జర్మనీ గాజు," అన్నాను మళ్లీ, ఈసారి కాస్త గట్టిగా.

రైఫిల్ నిటారుగా ఉందో లేదో తేల్చడానికి దాని మీద నీటి బుడగ మట్టం పెట్టాను. బుడగ పక్కకు పోయింది. రైఫిల్ తిప్పి పెట్టినా అటే పోయింది. తీరా చూస్తే వంకర బల్లది! బల్ల కాళ్ల కింద అట్టముక్కలు పెట్టాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో సూప్ పళ్లెంలో ఒక పక్కకు చేరడం మానేసింది. చూశారా? చిన్న స్కోపు కొన్నవాడికి ఈ భాగ్యం దక్కుతుందా?

ఇక కంటికీ స్కోపుకీ మధ్య ఎంత ఎడం ఉండాలన్న ప్రశ్న. పుస్తకం నాలుగు వేళ్లంత అంది. కానీ దగ్గరగా ఉంటే ఇంకా బాగా కనిపిస్తుంది కదా! ఇంత చిన్న తర్కం ఆ జర్మనీవాళ్లకు ఎందుకు తట్టలేదో! స్కోపును నా వైపుకి బాగా జరిపి బిగించాను. కాల్పులు జరిపే రేంజ్‌కి వెళ్లి మొదటి తూటా పేల్చాను. తూటా ముందుకి వెళ్లింది. స్కోపు వెనక్కి వచ్చింది.

మర్నాడు చర్చిలో నా కనుబొమ మీద నెలవంక ఆకారంలో కట్టు చూసి పాస్టరు గారు ఆత్రంగా అడిగారు.

"అయ్యో, తలుపు తగిలిందా ఎల్మర్?"

"లేదండీ, తెలివి తగిలింది," అంది వెర్నా.

ఆ వారమంతా ఊళ్లో నాకు దొరికిన పలకరింపులు ముప్ఫయ్యేళ్లు బ్యాండు నేర్పినా దొరకలేదు.

స్కోపును ముందుకి జరిపాక వైద్యరంగంలో దాని సేవలు బయటపడ్డాయి. జూమ్ మొత్తం పెంచి చూస్తే పలక చిన్నగా ఎగిరి పడుతోంది.

"వెర్నా, పలక ఊగుతోంది!"

"పలక ఊగట్లేదు. నీ గుండె కొట్టుకుంటోంది."

నిజమే! నా నాడి అంతా గీతల మీద కనిపిస్తోంది. మధ్యలో ఒక దెబ్బ ఆలస్యంగా పడడం కూడా కనిపించింది. దాంతో కంగారుపడ్డాను, గుండె ఇంకా వేగంగా కొట్టుకుంది, పలక ఇంకా ఎగిరింది. డాక్టరు అపాయింట్‌మెంటుకి మంచు కరిగేదాకా ఆగాల్సిన మా జిల్లాలో ఇంతకంటే ఏం కావాలి?

పోటీ రోజు వచ్చింది. బురద వల్ల దూరపు పలకలను అప్పటిదాకా తెరవలేదు కాబట్టి నేను వంద గజాల దగ్గరే గురి సరిచూసుకున్నాను. వంద గజాలలో నా స్కోపుకి తిరుగులేదు. పలక మీద వాలిన ఈగ మొహంలో విసుగు కూడా కనిపించేది!

దగ్గరి పలకలు బాగానే కొట్టాం. వెర్నా నా వైపు చూసి తల ఊపింది. చివరికి వెయ్యి గజాల వంతు. రేంజ్ బాధ్యుడు డెల్బర్ట్ మైకులో మా పేర్లు పిలిచాడు. నేను బోర్లా పడుకుని ఎత్తు సర్దే చక్రం తిప్పాను. టిక్, టిక్, టిక్. ఆగిపోయింది. ఇంకా చాలా తిరగాలి. గట్టిగా తిప్పాను. కదలలేదు.

"ఇరుక్కుపోయింది," అన్నాను.

"ఇరుక్కోలేదు, అయిపోయింది. చలికాలంలో చదివి వినిపించానే, అదే ఇది," అంది వెర్నా.

నేను నాకు తోచినట్టు పైకి గురిపెట్టి ఒకటి కాల్చాను. పలకకు చాలా ముందు మట్టి లేచింది. ఇంకోటి కాల్చాను. మళ్లీ మట్టే. ఇంకా పైకెత్తి మూడోది కాల్చాను. అది ఎక్కడ పడిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. వెనకాల ఎవరో నవ్వారు. "త్వరగా, ఎల్మర్. సాయంత్రమైతే దుప్పులు అడ్డొస్తాయి," అన్నాడు డెల్బర్ట్ మైకులో.

పక్కన దుర్భిణి మూత పెట్టిన చప్పుడైంది. తల తిప్పి చూశాను. వెర్నా కోపంగా లేదు. అలసిపోయినట్టుంది. ఇన్నేళ్లలో ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు. లేక ఆమె ఎన్నోసార్లు చూపించి ఉంటుంది, నేనే వేరే గాజులోంచి చూస్తూ ఉండి ఉంటాను. వెనకాల నవ్వుల కంటే అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఏం చెయ్యమంటావు?" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి, మూత తీసింది. "జూమ్ తగ్గించు."

తగ్గించాను.

"ఇంకా."

"వెర్నా, ఇంకా తగ్గిస్తే ఇది పాత స్కోపంత అయిపోతుంది!"

"అవనీ. కింద గీతలన్నీ కనిపించేదాకా తగ్గించు. కనిపిస్తున్నాయా? కింది నుంచి నాలుగో గీతని పలక మీద పెట్టు. గాలి కుడి నుంచి వస్తోంది. ఒక పలక వెడల్పు కుడికి జరుపు. ఇప్పుడు గాలి పీల్చి, సగం వదులు."

పలక చిన్నదైపోయింది. కానీ ఊగడం ఆగింది. కాల్చాను. ఏమీ వినపడలేదు. వెయ్యి గజాల దూరం నుంచి శబ్దం తీరిగ్గా వస్తుంది. అంతలో గడ్డి మీదుగా వచ్చింది, సన్నగా, చక్కగా: టంగ్!

"అదే. కదలకు, మళ్లీ," అంది వెర్నా. మళ్లీ టంగ్! మిగిలిన తూటాలన్నీ ఆమె చెప్పినచోటికే పంపాను. ఒక్కటీ తప్పలేదు.

పోటీలో మేము చివరి నుంచి రెండో స్థానం సాధించాం. ఆఖరి స్థానం డెల్బర్ట్ బావమరిదిది. ఆయన పక్కవాళ్ల పలకను అద్భుతంగా కొట్టాడు.

తిరుగుదారిలో రేడియో పెట్టలేదు. ధైర్యం చేసి అడిగాను. "లోయిస్‌తో జోడీ మాట..."

"అడిగాను. వాళ్లాయన కూడా కొత్త స్కోపు కొన్నాడట. ఆవిడ కష్టాలు ఆవిడవి." వెర్నా కిటికీలోంచి గోధుమచేలు చూస్తూ నవ్వింది. "వచ్చే ఏడు నేను కాలుస్తా, నువ్వు చూసి చెప్పు. నాకు పాత స్కోపు చాలు. అది తిరిగి బిగించు. పెద్దది తీసెయ్."

వెంటనే సరేనన్నాను. వినడం అలవాటవుతోంది మరి.

కాబట్టి పాఠకులారా, బల్ల సరిచేసి, నాడి చూపించి, కాపురం నిలబెట్టిన ఇంతటి వస్తువును నేనొక్కడినే అనుభవించడం స్వార్థం కాదా? అందుకే అమ్మకానికి పెడుతున్నాను. ప్రకటనల పేజీలో వెయ్యమంటే ఎడిటరు రుసుము అడిగాడు. ఈ కాలమ్‌కి రుసుము లేదు. ఇంత రాసింది అందుకే.

కావలసినవాళ్లు గురువారం సాయంత్రం రండి, అప్పుడు వెర్నా రేంజ్‌లో ఉంటుంది. ఆమె ఇంట్లో ఉండగా వచ్చారో, ఏ దుకాణంలోనూ ఎవరూ అడగని ఒక ప్రశ్న అడుగుతుంది: "అసలు మీరెంత దూరం కాలుస్తారు?" ఆ ప్రశ్నకు నిజం చెప్పాక నా స్కోపు కొనేవాడు ఈ మోంటానాలో ఒక్కడూ ఉండడు.