గాలిలో ఉన్నవాడికి పన్ను లేదు

"విమానాల మీద ఆస్తిపన్ను పేదవాడి నడ్డి విరుస్తోంది!"

అమెరికా నడిమధ్య, కనుచూపుమేర గోధుమ చేలే ఉన్న మా కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదాంట్లో, సెనేటర్ లొవెల్ స్ట్రాటన్ గారు చేసిన చరిత్రాత్మక ప్రకటన ఇది.

నడ్డి విరిగిన పేదవాణ్ణి చూపించాలి కదా! వెర్నా కుబిచెక్‌ని వేదిక ఎక్కించారు. చేలకు మందు కొట్టే ఒంటిసీటు విమానం ఆవిడది. ఇంకొక్క పన్ను నోటీసు వస్తే అది వేలానికే. పన్ను గుమస్తాగా ఆ నోటీసు అంటించాల్సింది నేనే గనక, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

జనవరి ఒకటి మధ్యాహ్నం పన్నెండుకు విమానం ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీకి పన్ను. అందుకే మా పెద్దమనుషులు ఏటా ఆ పూట పక్క రాష్ట్రానికి ఎగిరి, పాన్‌కేకులు తిని వచ్చేవారు. సెనేటర్ గారి జెట్టు కూడా. పాపం, ఎంత శ్రమ! కొత్త చట్టం ఆ శ్రమ తీర్చింది. ఆ వేళకు గాలిలో ఉన్న విమానం ఏ కౌంటీలోనూ లేనట్టే. ఎయిర్‌పోర్టు ఖర్చంతా నేలమీద ఉన్నవాళ్లే పంచుకోవాలి.

"చలికాలం నా ఇంజను రిపేరుకి విప్పి ఉంటుంది కదండీ?" అంది వెర్నా.

"ధైర్యంగా ఉండమ్మా. ఈ చట్టమే నీ కోసం!" అన్నారు సెనేటర్ గారు. ఫొటో కూడా దిగారు.

జనవరి ఒకటి వచ్చింది. ముప్పై ఒక్క విమానాలు పైకి లేచాయి. నేలమీద మిగిలింది వెర్నా విమానం ఒక్కటే. ఒక చేతిలో నోటీసు, ఇంకో చేతిలో కొత్త చట్టం కాగితం పట్టుకుని ఆవిడ పక్కన సిగ్గుతో చచ్చిపోతూ నిలబడ్డాను.

అంతలో మంచు దంచికొట్టింది. రన్‌వే మాయమైంది. దాన్ని ఊడ్చే ట్రాక్టరు కాంట్రాక్టు వెర్నాదే.

ఎయిర్‌పోర్టు రేడియో గోల పెట్టింది. "వెర్నా! తల్లీ! త్వరగా ఊడ్చు! ఇంధనం అయిపోతోంది!"

"ఎవరండీ?"

"నేనమ్మా, సెనేటర్ని! ముప్పై ఒకరం ఉన్నాం!"

వెర్నా నా చేతిలోంచి చట్టం కాగితం లాక్కుని తాపీగా చదివింది. "మీరు ఏ కౌంటీలోనూ లేరండీ. లేనివాళ్ల కోసం ట్రాక్టరు తీస్తే నా కాంట్రాక్టు పోతుంది."

"ఉన్నాం! మీ కౌంటీలోనే ఉన్నాం! అందరం ఉన్నాం! కావాలంటే రాసుకోండి!"

సరిగ్గా పన్నెండయింది. నేను నోటీసు వెనక్కి తిప్పి, పెన్ను మూత తీశాను.

"ఒక్కొక్కరే చెప్పండి సార్. ముందు మీ పేరు."