కాలవగట్టు మీద శీలావతి మొండెం

"నేరస్థుడు భూగోళంలో ఏ మూల నక్కినా సరే, ఈ ముక్కు నుంచి తప్పించుకోలేడండీ" అని తాడేపల్లిగూడెం కాలవగట్టు మీద నిలబడి ప్రకటించారు పచారీ కొట్టు శ్రీరంగనాయకులు గారు. ఆ ముక్కుకి అప్పుడు గొప్ప జలుబు చేసి ఉంది.

వెంకట్రాజు గారు తలూపి ఊరుకున్నారు. ఉంగుటూరులో పొలం కౌలుకిచ్చి గూడెం వచ్చాక ఆయనకి దొరికిన ఒకే ఒక్క స్నేహితుడు ఈయన. రోజూ పొద్దున్నే ఇద్దరూ గట్టు మీది నడకబాటలో నడుస్తారు. చలికాలం కొల్లేటికి వచ్చిన పక్షులు కొన్ని ఇటు కూడా వస్తాయి. రాజు గారు నీళ్ళలోకి చూస్తూ కొంగల్నీ నీటికాకుల్నీ పలకరిస్తారు. నాయకులు గారు భూతద్దం పెట్టి నేల చూస్తారు, పాదముద్రల కోసం.

ఆవేళ ముద్ర కాదు, ఏకంగా మొండెమే దొరికింది. నాయకులు గారు రోజూ కూర్చునే సిమెంటు బల్ల మీద తల లేని చేప. మర్నాడు ఇంకొకటి.

ఏడు తరాలుగా చేప ముట్టని ఇంట్లో పుట్టిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. "ఇది హెచ్చరికండీ రాజు గారూ. తర్వాత ఎగిరే తల నాదే" అన్నారు గొంతు తగ్గించి. పిల్లి తెచ్చి పడేసిందేమోనని రాజు గారు సందేహిస్తే, కరడుగట్టిన హంతకులు మన చేత అలాగే అనిపిస్తారని తేల్చేశారు.

అంతలో చేపలమ్మే జాషువా బాట పక్కన మోపెడ్ ఆపి ఫోనెత్తాడు. నాయకులు గారు గన్నేరు పొద వెనక్కి దూరారు.

"శీలావతి సంగతి నాకొదిలెయ్యండి. తలకాయ తీసేసి, ముక్కలు కొట్టి ఇంటికే తెచ్చేస్తాను" అంటున్నాడు జాషువా.

నాయకులు గారు పొదలోంచి బయటపడ్డారు. పరుగున వెళ్ళి, నడకబాట సంఘం అధ్యక్షురాలు దుర్గాదేవి గారికి, ఊళ్ళో ఒక ఇల్లాలి హత్య జరగబోతోందని చెప్పారు. ఆవిడ పుట్టిల్లు భీమవరం. శీలావతి అంటే చేపేననీ, పులుసుకి బాగుంటుందనీ ఆవిడ నెమ్మదిగా వివరించేసరికి బాటంతా నవ్వులే నవ్వులు.

నవ్వులపాలైన అపరాధ పరిశోధకుడు అంతటితో ఆగితే బాగుండేది. శీలావతి చేపే అయితే, బల్ల మీద మొండాలు పెడుతున్నవాడూ జాషువాయేనని ఆయన పట్టుబట్టారు. బల్ల కంపు కొడుతున్న మాట నిజం. దాంతో దుర్గాదేవి గారు జాషువాని గట్టు మీదికి రావద్దన్నారు. పాపం అతను లారీల రోడ్డు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చేసరికి ఇళ్ళల్లో పప్పు ఉడికిపోయేది. బేరాలు పడిపోయాయి. రాజు గారికి ముద్ద దిగలేదు. కొంత పశ్చాత్తాపం, కొంత పులుసు లేకపోవడం.

"ఒక మనిషి పొట్ట కొట్టామండీ" అన్నారాయన.

"న్యాయానికి పొట్ట ఉండదండీ" అన్నారు నాయకులు గారు, తన పొట్ట నిమురుకుంటూ.

ఆదివారం పొద్దున్న నేరస్థుణ్ణి బయటపెడతానని అందరినీ బల్ల దగ్గరికి పిలిపించారు. దుర్గాదేవి గారు వచ్చారు. జాషువా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్షుల ఫొటోల కోసం ఏలూరు నుంచి వచ్చిన లెక్చరర్ నిహారిక కూడా గుంపు చూసి ఆగింది.

"నేరస్థుడు ఎక్కడో లేడు. మన మధ్యే ఉన్నాడు" అంటూ నాయకులు గారు భూతద్దం జాషువా వైపు తిప్పారు.

థప్పుమని ఆయన బట్టతల మీద ఏదో పడింది. అక్కణ్ణుంచి జారి లాల్చీ జేబులో కుదురుకుంది. తల లేని శీలావతి.

రాజు గారు మొదటిసారి తలెత్తి చూశారు. బల్ల పక్క కరెంటు స్తంభం మీద తెల్ల పొట్ట గద్ద ఒకటి కూర్చుని ఉంది. దొంగ గంతలు కట్టుకున్నట్టు కళ్ళ మీదుగా నల్లటి చార.

"మధ్య కాదండీ నాయకులు గారూ, మన మీదున్నాడు."

ఎవరూ కదలొద్దని నిహారిక గుసగుసలాడింది. అది చేపలు పట్టి ముందు తలే తినే గద్దనీ, చలికాలానికి మంచు దేశాల నుంచి ఇంత దూరం ఎగిరొస్తుందనీ చెప్పింది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. అది ముక్కు స్తంభానికి రాసుకుని, రెక్కలు చాచి, కాలవ మీదుగా కొల్లేటి వైపు సాగిపోయింది. జేబులో చేప ఉన్న సంగతి నాయకులు గారికి గుర్తే లేదు.

గుర్తొచ్చాక ఆయన మొహం చిన్నబోయింది. జాషువా దగ్గరికెళ్ళి చేతులు జోడించారు. "నీ అన్నంలో మట్టి కొట్టానయ్యా. తప్పయింది."

జాషువా గద్ద వెళ్ళిన వైపు చూశాడు. "నన్నంటే అన్నారు గానండీ, దాన్ని మాత్రం రావద్దనకండి" అన్నాడు.

దుర్గాదేవి గారు అక్కడికక్కడే నిషేధం ఎత్తేశారు. నాయకులు గారికి అది చాలలేదు. మోపెడ్ వెనక ఎక్కి, వీధి వీధీ తిరుగుతూ, జాషువా వచ్చాడనీ చేపలు తాజాగా ఉన్నాయనీ తానే కేకలేశారు. మధ్యాహ్నానికి గంప ఖాళీ అయింది. రాజు గారు తన వాటా ముందే పక్కన పెట్టించుకున్నారు.

నాయకులు గారి ఇంటి గుమ్మంలో భార్య మంగతాయారు గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

"కేసు తేలిందే" అన్నారు నాయకులు గారు గర్వంగా.

"సంతోషమండీ. ముందు మీరు కాలవలో తేలి రండి" అని ఆవిడ తలుపేసేశారు.