వెలగని ఎర్రదీపాలు

"భద్రతా వారోత్సవం నాటికి నా శాఖలో ఒక్క బండిలోనూ ఎర్రదీపం వెలగడానికి వీల్లేదు!" అని రవాణా మంత్రిగారు ప్రకటించారు. దీపాలు వెలిగించడం ఏ మంత్రైనా చేస్తాడు. ఆర్పిస్తానని చెప్పడానికి గుండె ఉండాలి. పత్రికలన్నీ ఆ ముక్కే మొదటి పేజీలో అచ్చేశాయి.

వారోత్సవం నాడు మంత్రిగారు స్వయంగా నడపబోయేది శాఖవారి పాత పికప్ ట్రక్కు. దాని తాళం తిప్పితే చాలు, డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటూ బ్రేకు లైటూ పోటీపడి ఎర్రగా వెలిగేవి. ఆక్సిలరేటరు మీద కాలు పెట్టకపోయినా ఇంజిను గొంతు చించుకునేది.

రోగమేమిటో శాఖ ఇంజనీరుగారికి తెలుసు. ఇంజిన్ నుంచి బ్రేకుకు బలమిచ్చే రబ్బరు గొట్టం పగిలింది. ఆ పగులులోంచి గాలి దూరి ఇంజిను రొద పెడుతోంది, బ్రేకు పెడలేమో బండరాయిలా బిగుసుకుపోతోంది. కొత్త గొట్టం రావడానికి నెల పడుతుంది. వారోత్సవం చూస్తే రేపే. అవతల చీఫ్ ఇంజనీరు కుర్చీ ఖాళీ. ఇంట్లో ఆవిడ ఆ హోదాతో నేమ్‌ప్లేటు చేయించి, గోడకు మేకు కూడా కొట్టించేసింది. పాపం, మనిషన్నవాడు ఏం చేస్తాడు?

వర్క్‌షాపు ఇన్‌చార్జి స్వయానా ఆయన బావమరిది.

"గొట్టమైతే నెల బావా. బల్బులు పీకెయ్యడమైతే ఇప్పుడే."

"పీకేయ్."

"మరి బ్రేకు?"

"మంత్రిగారు చెప్పింది దీపాల సంగతిరా. బ్రేకుల ఊసెత్తారా?"

ఆదేశాన్ని పొల్లుపోకుండా పాటించడమంటే అదీ!

మర్నాడు మంత్రిగారు వచ్చి తాళం తిప్పారు. డాష్‌బోర్డు మీద చీకటి. ఆయన మొహం వెలిగింది.

"భేష్! అయితే కదలకుండానే ఇంత అరుస్తుందేంటయ్యా?"

ఇంజనీరుగారు చేతులు కట్టుకున్నారు. "అది... ప్రగతి వేగం సార్. తమరి పాలనలో ఆగిన బండి కూడా పరుగు మానదు."

మంత్రిగారి కళ్ళు చెమ్మగిల్లాయి. శాఖలోని బండ్లన్నింటినీ ఇలాగే అరిపించాలని అక్కడికక్కడే ఉత్తర్వు వేశారు. విలేకరులు చప్పట్లు కొట్టారు. "అయితే మిగతావాటి గొట్టాలు కొయ్యాలి కాబోలు," అనుకుంటూ బావమరిది కత్తి వెతకడానికి వెళ్ళాడు.

"ఏమయ్యా ఇంజనీరూ, ఇంత మంచి బండిని తయారుచేసినవాడివి, అక్కడ నించున్నావేంటి? రా, నా పక్కన కూర్చో!"

"నాకు... నడుం నొప్పి సార్."

"నిన్నేమైనా తొయ్యమన్నానా? కూర్చోమన్నాను!"

పీఏ తలుపు తీసి, ఇంజనీరుగారిని లోపలికి నెట్టి, దబాలున మూశాడు.

వర్క్‌షాపు గేటు దాటితే అంతా పల్లమే. ఆ పల్లం చివర వేదిక, వేదిక మీద శాఖలోని పెద్దలంతా. గేరు పడిందో లేదో, బండి బాణంలా దూసుకుపోయింది.

"సార్, బ్రేకు తొక్కండి!"

"తొక్కుతూనే ఉన్నా. ఎంత గట్టిగా ఉందయ్యా! నాణ్యమంటే ఇదీ."

"రెండు కాళ్ళతో తొక్కండి సార్, మీకు పుణ్యముంటుంది! వేదిక వచ్చేస్తోంది!"

వేదిక మీద పెద్దలందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వాళ్ళ మర్యాదకు మంత్రిగారు మురిసిపోయి, స్టీరింగు వదిలి చెయ్యూపారు. తర్వాత నింపాదిగా డాష్‌బోర్డు వంక చూశారు. ఇంజనీరుగారు సీటును రెండు చేతులా కావలించుకుని కళ్ళు మూసుకున్నారు.

"కంగారెందుకయ్యా చీఫ్ ఇంజనీరూ? ఒక్క దీపమైనా వెలిగిందా?"