గుంతకు అవతల జర్మనీ

"విశ్వనగర నిర్మాణంలో భాగంగా, ప్రియతమ నాయకులు శ్రీ భూషణం గారు నేటి సాయంత్రం నాచారంలో జర్మన్ భోజనాన్ని స్వయంగా పరిశీలించెదరు. కావున ప్రజలు హర్షించగలరు."

ఈ శుభవార్త వాట్సాప్‌లో వచ్చినప్పుడు నేను మా ఆయన ముక్కు మీది మైదాపిండిని చున్నీతో తుడుస్తున్నాను. మాకు కొత్తగా పెళ్లయింది. ఆయన ముక్కుకు పిండి అంటుకోవడం, నేను తుడవడం ఇద్దరికీ ఇంకా పండుగలాగే ఉంది. ఆ పిండి కావాలనే అంటించుకుంటున్నాడని మా అత్తమ్మ మల్లవ్వకు అనుమానం. నాకు అనుమానం లేదు, నమ్మకం.

జీవన్ వార్త చదివి ఎగిరి గంతేశాడు. "ప్రజ్ఞా, గుంత పూడ్తదే!"

ఆ గుంత గురించి పాఠకులకు చెప్పాలి. జీవన్ ఒక పెద్ద హోటల్లో జర్మన్ షెఫ్ దగ్గర పనిచేసి ఆ వంట నేర్చుకున్నాడు. మా మామయ్య గారి పాత లేత్ షెడ్డుకు సున్నం కొట్టించి, నాచారం మెయిన్ రోడ్డు పక్క సందులో ఆరు టేబుళ్ల జర్మన్ రెస్టారెంట్ పెట్టాడు. తెల్లటి టేబుల్ క్లాత్‌లు, టేబుల్‌కొక కొవ్వొత్తి, తలుపుకు చిన్న గంట. తలుపు తీస్తే గంట మోగుతుంది. ఎవరూ రాని రోజున నేనే బయటికెళ్లి లోపలికొచ్చి మోగిస్తాను.

ఎవరూ రాని రోజులు ఎక్కువే. ఎందుకంటే మేం తెరిచిన వారానికే ఎవరో వచ్చి మా గుమ్మం ముందు పైపు కోసం గుంత తవ్వారు. పైపు రాలేదు. తిరిగిన ప్రతి ఆఫీసులోనూ "అది మాది కాదమ్మా" అన్నారు. అంత నున్నగా, అంత లోతుగా తవ్వి కూడా పేరు కోసం ఎవరూ ముందుకు రాకపోవడం చూసి నాకు గౌరవం కలిగింది.

గుంత మీద ఒక చెక్క పలక వేశాం. దాని మీద నడవగలిగినవాళ్లే మా కస్టమర్లు. అంటే కాలేజీ పిల్లలు. వాళ్లు ఒక ప్రెట్జెల్ రొట్టె తీసుకుని నలుగురు తింటారు, ఫోటోలు మాత్రం ఎవరివి వాళ్లు తీసుకుంటారు.

అలాంటప్పుడు హబ్సిగూడ నుంచి శారదమ్మ గారు ఫోన్ చేశారు. ఆవిడ భర్త సుధీంద్ర గారు వయసులో ఉండగా జర్మనీలో చదువుకున్న సైంటిస్టు. శనివారం ఆయన డెబ్బై అయిదో పుట్టినరోజు. బంధువులందరితో కలిసి రెస్టారెంట్ మొత్తం తమకే కావాలన్నారు. మా మొదటి పెద్ద బుకింగ్!

"కానీ అమ్మాయ్, ఆయనకు రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. పలక మీద సర్కస్ చేయించలేను. శనివారానికి గుంత పూడితే వస్తాం. లేదంటే ఇంట్లో పులిహోర కలిపేస్తాను."

ఈ బుకింగ్ పోతే షెడ్డు మళ్లీ లేత్ మెషీన్లకు అద్దెకిచ్చేద్దామని మామయ్య గారు ముందే చెప్పి ఉన్నారు. రేపే శనివారం. అందుకే జీవన్ గంతేసింది.

భూషణం అన్న మా డివిజన్ పార్టీ అధ్యక్షులు. ఇంతవరకు ఏ ఎన్నికలోనూ గెలవలేదు. కానీ ఓడిపోయిన మనిషిలా ఒక్కరోజు కూడా కనిపించలేదు. ఏ పదవీ లేకుండానే ఉప్పల్ నుంచి మా సందు దాకా ఇన్ని శంకుస్థాపనలు చేసిన నాయకుడు ఇంకొకరు లేరు.

మధ్యాహ్నం భూషణం అన్న పీఏ సురేష్ వచ్చి గుంతను నాలుగు వైపుల నుంచి చూశాడు.

"చెల్లె, అన్న వచ్చేసరికి గుంత కనబడొద్దు."

"పూడ్చేస్తారా అన్నా?"

"పూడ్సుడంటే మట్టి గావాలె, కూలోళ్లు గావాలె, ఫైలు నడ్వాలె. కనబడొద్దంటే కార్పెట్ సాలు."

మా పలక పక్కకు తీసి, ప్లైవుడ్ షీట్లు పరిచి, పైన ఆకుపచ్చ కార్పెట్ వేయించాడు. రెండు పక్కలా అరటి పిలకలు కట్టించాడు. ఇంత ముందుచూపున్న మనిషిని నేను చూడలేదు.

అత్తమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, "గుంతకు పట్టుచీర గట్టిన్రు. ఇగ బొట్టొక్కటే తక్వ" అంది. పాతకాలం మనిషి. అభివృద్ధి అంత త్వరగా అర్థం కాదు.

సాయంత్రం అన్న వచ్చారు. వెంట మా కుర్చీలకు రెట్టింపు మంది వచ్చారు. కార్పెట్ మీద అడుగు పెట్టగానే అది కొంచెం కిందికి దిగింది. అన్న ఆగి, మళ్లీ ఒకసారి ఊగి చూసి, "జర్మన్ కార్పెట్ మస్తు మెత్తగుందిరా" అన్నారు. అందరూ ఒక్కొక్కరుగా ఊగి చూశారు. నేను కళ్లు మూసుకుని జీవన్ చెయ్యి పట్టుకున్నాను. ఎలాగూ ఎప్పుడూ పట్టుకునే ఉంటాను కాబట్టి ఎవరూ గమనించలేదు.

గంట మోగింది. అలా ఆగకుండా మోగడం ఆ రోజే విన్నాను.

ప్లేట్లలో తెల్ల న్యాప్‌కిన్‌లు విసనకర్రల్లా మడిచిపెట్టాను. వీడియోలు చూసి పొద్దుటి నుంచి నేర్చుకున్న విద్య అది. అన్న కూర్చుని ముందున్న న్యాప్‌కిన్ చూశారు. ఎన్నో ఏళ్లుగా వేదికల మీద కూర్చుంటున్న మనిషి. తన ముందు మడిచిన బట్ట కనిపిస్తే ఏం చేయాలో ఆయనకు ఒకరు చెప్పాలా? లేచి, దాన్ని దులిపి, పక్కనున్న సురేష్ భుజాల మీద కప్పారు. చప్పట్లు. సురేష్ కళ్లు తడిశాయి. అతను తన న్యాప్‌కిన్ తీసుకుని పక్కాయనకు కప్పాడు. ఆయన ఇంకొకాయనకు. కాసేపట్లో హాలంతా సన్మానితులే. చివరిదాన్ని వంటింట్లోంచి గరిటెతో వచ్చిన జీవన్‌కు కప్పి ఫోటో దిగారు.

"తినే ముందల మనిషిని గౌరవిస్తరు సూడు. అందుకే జర్మనీ గట్లున్నది" అన్నారు అన్న.

కాదని నేనెందుకంటాను?

ఇంతలో ఆయన కొవ్వొత్తిని చూశారు. "జ్యోతి ప్రజ్వలన గూడ పెట్టిన్రా!" అని మళ్లీ లేచారు. ఒక టేబుల్ కొవ్వొత్తి అన్న వెలిగిస్తే మిగతా టేబుళ్లవాళ్లు చిన్నబుచ్చుకుంటారు కదా. అందుకని సురేష్ ఒక్కో టేబుల్ దగ్గరికి ఆయన్ని సగౌరవంగా ఆహ్వానించాడు. ఆరు టేబుళ్లు, ఆరు ప్రజ్వలనలు. సూప్ చల్లారిపోయింది. జీవన్ తీసుకెళ్లి మళ్లీ వేడి చేశాడు.

సూప్ అయ్యాక చాలాసేపు ఏమీ రాలేదు. ఫైన్ డైనింగ్‌లో అదే పద్ధతి. వెనక టేబుల్ నుంచి ఒక కార్యకర్త మెల్లగా అడిగాడు.

"అన్నా, అయిపోయిందా? గిదేనా?"

"సప్పుడు జెయ్యకు. విడతలవారీగ ఇస్తరు. మన పథకాల లెక్క."

"అట్లయితే రెండో విడత రాదు గదన్నా!"

ఆ కార్యకర్తను బయట కారు చూసుకోమని పంపించారు.

పుల్లటి క్యాబేజీ వచ్చింది. అన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక కన్ను మూసి, నా వైపు చూశారు.

"పులిసిపోయినట్టుంది గదమ్మా?"

"పులిసిపోలేదు సార్. మేమే వారాల తరబడి పులియబెట్టాం."

"కావాలనే?"

"అవును సార్."

"సురేష్, రాసుకో. మనకాడ అన్నీ వాటంతటవే పులుస్తయ్. వాళ్లు ప్లానింగ్‌తోని పులియబెడ్తరు."

తర్వాత చికెన్ ష్నిట్జెల్. ప్లేటు అంచులు దాటేంత వెడల్పు, అప్పడమంత పలుచన. ఫోర్క్‌తో ఒక మూల లేపి, కింద ఏముందో చూశారు అన్న.

"బాబూ, గింత చికెన్‌తోని ప్లేటంత ఎట్ల నింపినవ్?"

"సుత్తితోని కొట్టినం సార్" అన్నాడు జీవన్.

"ఉన్నది పిడికెడు. కనబడేది పళ్లెమంత." అన్న ప్లేటుకు దండం పెట్టారు. "మనం ఇన్నేండ్లు చేసిన పని గిదే గదరా! దీనికి జర్మనీల గింత పేరున్నదని ఇయ్యాల్నే తెల్సింది."

చివరి తీపి, ఆపిల్ స్ట్రూడెల్ తింటుండగా ఆయన చాలా ప్రసన్నంగా ఉన్నారు. జీవన్ వంటింటి కిటికీలోంచి కనుబొమలతో సైగ చేశాడు. నేను ధైర్యం చేశాను.

"సార్, రేపు మాకో పుట్టినరోజు బుకింగ్ ఉంది. పెద్దాయన, మోకాళ్ల ఆపరేషన్ అయింది. మా గుమ్మం ముందు గుంత..."

"గుంతనా? ఏడున్నదమ్మా?"

"ఇందాక మీరు ఊగింది దాని మీదే సార్."

అన్న లేచి బయటికి నడిచారు. సురేష్ కార్పెట్ మూల ఎత్తి, ప్లైవుడ్ జరిపి, ఫోన్ లైటు వేశాడు. అన్న గుంతలోకి తొంగి చూశారు. తవ్వించడానికి ఎంతో తిరగాల్సిన పని, తవ్వి సిద్ధంగా కనిపిస్తే ఏ నాయకుడి ముఖమైనా ఎలా మారుతుందో అలా మారింది.

"ఎవరిదిది?"

"ఎవరూ మాది కాదంటున్నారు సార్."

"ఎవరిదీ కాదా?" అన్న నా తల మీద చెయ్యి పెట్టారు. "ఫికర్ జెయ్యకు బిడ్డా. ఇయ్యాల్టి సంది గిది నాది. రేపు పొద్దుగాల ఆరింటికి నీ గుంతకాడికి జేసీబీ వస్తది!"

చప్పట్లు, జిందాబాద్‌లు. జీవన్ అందరి ముందే నన్ను ఎత్తి ఒక చుట్టు తిప్పాడు. అత్తమ్మ గోడ వైపు తిరిగింది. నేను కిందికి దిగీ దిగకముందే శారదమ్మ గారికి ఫోన్ చేశాను.

"ఆంటీ, రేపు జేసీబీ వస్తోంది! భూషణం అన్న మాటిచ్చారు!"

"నిజంగానా? ఆయన అప్పుడే జర్మనీ నాటి సూటు తీసి ఇస్త్రీకి ఇచ్చారు తల్లీ. పట్టడం లేదు. పట్టకపోయినా అదే వేసుకుంటారట."

అన్న పరివారంతో వెళ్లిపోయారు. సురేష్ మనుషులు కార్పెట్ చుట్టేశారు. చిల్కానగర్‌లో ఇంకో కార్యక్రమం ఉందట. ప్లైవుడ్ ఎత్తుకెళ్లారు. దాంతోపాటు మా పాత పలక కూడా వెళ్లిపోయింది. నేను, జీవన్ గుమ్మంలో నిలబడ్డాం. ఎదురుగా గుంత, పైన చందమామ. బయటికి వెళ్లే దారి లేక ఇద్దరమే ఒక చిన్న దీవిలో ఉన్నట్టుంది. నాకు చాలా బాగుంది.

అవతలి గట్టు నుంచి సురేష్ కేకేశాడు.

"చెల్లె! బావా! మర్సిపోయిన, ప్రోగ్రాం జెప్పాలె. మీ సందును జర్మన్ ఫుడ్ స్ట్రీట్ జేస్తుండు అన్న. శిలాఫలకం పెద్దది, గుంత జర చిన్నగుంది. రేపు ఆరింటికి జేసీబీ వచ్చి దాన్ని ఆ గోడ నుంచి ఈ గోడ దాంక వెడల్పు జేస్తది. పదింటికి అన్న శంకుస్థాపన. అప్పటిదాంక అండ్ల ఎవ్వరు మట్టెయ్యొద్దు. టిఫిన్ గూడ జర్మనీదే ఉండాలన్నడు!"